పెద్దావిడకు చెప్పి వెళ్లండి

నేను నడిపిన మొదటి డ్రాగన్ మూడు రౌండ్లలో చచ్చింది. మేం ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో రౌండంటే ఆరు సెకన్లు. రెండు నెలలు ఊరించి ఊరించి తెచ్చిన ఎర్ర డ్రాగన్, 256 హిట్ పాయింట్ల, అంటే అంత ప్రాణం ఉన్న జీవి, బంగారం గుట్ట మీద కూర్చున్నది కూర్చున్నట్టే 18 సెకన్లలో ఒరిగిపోయింది. ఒకసారి నిప్పు ఊదింది. రెండోసారి ఊదడానికి పాచిక కలిసి రాలేదు. మా తమ్ముడి పాత్ర పాలడిన్, అంటే వ్రతం పట్టిన యోధుడు, ముందుకు ఉరికి నాలుగు దెబ్బలు వేశాడు, అయిపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కేకలు పెడతారనుకున్నాను. మా పిన్ని కూతురు గోళ్లరంగు చూసుకుంటూ "అంతేనా అక్కా?" అంది.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తెరిస్తే అర్థమైంది. దానికి ఉన్న లెజెండరీ యాక్షన్లలో, అంటే ఎదుటివాళ్ల వంతులు ముగిశాక అది అదనంగా చేయగల పనుల్లో, నేను ఒక్కటి కూడా వాడలేదు. పెళ్లి చేస్తూ తాళిబొట్టు ఇంట్లో మరిచిపోయిన పురోహితుడి పరిస్థితి నాది.

ఈ ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి చేతుల మీదుగా వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట ఇది. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు, వారిని డంజియన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర ధరించి, ఆ లోకంలో తాము ఏం చేస్తారో చెబుతారు. అది సాగుతుందా లేదా అన్న అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక తీర్పు ఇస్తుంది. మా ఇంట్లో డీఎం నేను. ఆదివారం సాయంత్రాలు, హైదరాబాదులో మా ఫ్లాటులో, భోజనాల బల్ల మీద ఆడతాం. ఐదుగురు ఆటగాళ్లు: పాలడిన్ మా తమ్ముడు, రోగ్ (దొంగ) వాడి స్నేహితుడు, క్లెరిక్ (పూజారి) మా పిన్ని కూతురు, విజర్డ్ (మాంత్రికురాలు) మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ, ఫైటర్ (యోధుడు) ఆమె భర్త. ఆట మొత్తం తెలుగులోనే. నియమాల పేర్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే వాడుకుంటాం. మా పుస్తకాలు 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. కొత్తవి వచ్చాయి, మేము మారలేదు. కారణం సిద్ధాంతం కాదు, బద్ధకం.

సరే, ఎర్ర డ్రాగన్ దగ్గరికి వద్దాం. లెజెండరీ యాక్షన్లు మరవడం చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. ఆ జీవి ఒక్క వంతులో 80 అడుగులు ఎగరగలదు. నేను దాన్ని కప్పు తక్కువగా ఉన్న గుహలో కూర్చోబెట్టాను. శతాబ్దాలు బతికిన జంతువు, తన మీదికి ఐదుగురు ఆయుధాలతో వస్తున్నారని తెలిసి కూడా, పెళ్లిచూపులకు ముస్తాబై కూర్చున్న పిల్లలా కదలకుండా ఎదురుచూసింది. దానికి వేరే పని లేదా? ఎవరితోనూ గొడవ లేదా? ఆ గుహలోకి వీళ్లు అడుగుపెట్టకముందు అది లేదు. ప్రాణం తీయడానికి ముందు ఎవరూ దానికి ప్రాణం పోయలేదు.

నాకు దారి చూపించింది ఆటల పుస్తకం కాదు, మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక పాడుబడ్డ లోగిలి. తెనాలికి దగ్గర్లోనే ఆ ఊరు. ఆ లోగిలిలో లంకెబిందెలు ఉన్నాయని, వాటికి పాము కాపలా అని అందరూ చెప్పేవారు. ఆ పామును చూసినవారు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. చూడని పాము చుట్టూ ఊరు ఎలా బతికేదో నేను చూశాను. బడికి అడ్డదారి ఆ లోగిలి మీదుగా ఉన్నా పిల్లలు చెరువు చుట్టూ తిరిగి వెళ్లేవారు. గోడ మీద నుంచి రోడ్డు మీదికి వంగిన జామచెట్టు కాయలు ఎవరూ కోసేవారు కాదు, అవి రాలి కుళ్లేవి. సందెవేళ ఎవరైనా ఆ వైపు వేలు చూపిస్తే అమ్మమ్మ ఆ వేలు పట్టుకుని కిందికి దించేది. పాము లోపల ఉంటే ఎంత భయపడేదాన్నో తెలియదు. ఆ కుళ్లిన జామకాయల వాసన మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరో డ్రాగన్ వద్దని ఒట్టు పెట్టుకున్న నేను ఏడాది తర్వాత నల్ల డ్రాగన్ పేజీ తెరిచినప్పుడు నా కంటికి కనిపించింది ఈ జామకాయలే. నల్లవి చిత్తడి నేలల్లో, మునిగిన శిథిలాల్లో ఉంటాయి. పెద్ద వయసు డ్రాగన్ ఉన్నచోట చుట్టూ ఆరు మైళ్లు, అంటే దాదాపు పది కిలోమీటర్ల మేర, పొదలు అల్లుకుపోయి బురద చిక్కబడి ప్రయాణానికి రెట్టింపు సమయం పడుతుంది. పలచని మంచు పట్టి ఉంటుంది. మైలు దూరంలోపు నీళ్లు పాడైపోతాయి. డ్రాగన్‌కు గిట్టనివాళ్లు ఆ నీళ్లు తాగితే కాసేపట్లో కక్కుకుంటారు. చాలామంది డీఎంలు ఈ పేరా చదివి పేజీ తిప్పేస్తారు. నేనూ మొదటిసారి అంతే చేశాను. అసలు భోజనం అక్కడ వడ్డించి ఉంటే నేను పంజా దెబ్బల పట్టిక చూస్తూ ఆకలితో లేచిపోయాను.

ఈసారి ఒక చిత్తడి ఊరు కట్టాను. ఊళ్లో బావి ఉంది, దాని మీద పలక మూసి ఉంది. అందరూ కోసు దూరం నడిచి వానగుంటలో నీళ్లు తెచ్చుకుంటారు. ఎందుకని అడిగితే "అటు నడవడమే అలవాటు" అంటారు. ప్రతి అమావాస్యకు రేవులో ఆరు మేకలు కడతారు. పొద్దున్నకు తాళ్లు ఉంటాయి, కొసలు కరిగిపోయి ఉంటాయి. పడవవాడు మా వాళ్లను ఏరు దాటించే ముందు ఒకే మాట అన్నాడు: "పెద్దావిడకు చెప్పి వెళ్లండి."

మా వాళ్లు పెద్దావిడంటే ఎవరో భూస్వామి అనుకున్నారు. నేను కాదనలేదు. మూడు ఆదివారాలు వాళ్లు ఆ ఊళ్లో పెద్ద ఇల్లు ఏదో వెతికారు. "ఆవిడ ఎప్పుడు బయటికి వస్తారు?" "ఆవిడకు ఏం తీసుకెళ్తే బాగుంటుంది?" అని ఊరివాళ్లను అడిగారు. మా విజర్డ్ అయితే ఒక పట్టుచీర కొనడానికి తన పాత్ర దగ్గరున్న బంగారు నాణేల్లో ఐదు తీసింది. నవ్వు ఆపుకోవడానికి నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి రావలసి వచ్చింది.

ఇక అసలు చిక్కు. పెద్దావిడ మాట్లాడాలి. ఈ ఆటలో డ్రాగన్లు తెలివైనవి, మాటకారులు. మరి శతాబ్దాల వయసున్న డ్రాగన్ ఏ తెలుగు మాట్లాడుతుంది?

ఎర్ర డ్రాగన్ విషయంలో నేను తేలికైన దారి పట్టాను. మా తాతయ్య నన్ను చిన్నప్పుడు పద్యనాటకాలకు తీసుకెళ్లేవారు. తెల్లవార్లూ చూసి ఆయన భుజం మీద నిద్రపోయేదాన్ని. ఆ దుర్యోధనుడి గొంతు ఇంకా నా చెవిలో ఉంది. దాన్ని అరువు తెచ్చుకుని "ఎవ్వరురా మీరలు! నా ఏలుబడిలో అడుగిడు సాహసము మీకెవ్వరిచ్చినారు!" అన్నాను. ఫైటర్ లేని మీసం మెలేశాడు. రోగ్ తొడ కొట్టాడు. బల్ల మీద టీకప్పు ఒలికింది. గ్రాంథికం మాట్లాడేవారిని చూస్తే మనకు భయం వెయ్యదు, హార్మోనియం వినిపిస్తుంది. నాకు పద్యనాటకమంటే ప్రాణం కాబట్టి ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది.

అప్పుడు మరొకరు గుర్తొచ్చారు. మా వీధి చివర ఒక పెద్దావిడ బంగారం కుదువపెట్టుకుని వడ్డీకి డబ్బు ఇచ్చేవారు. తెల్లటి చీర, అరుగు మీద చాప, పక్కన వక్కల పెట్టె. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. అప్పు కట్టలేక తలవంచుకుని నిలబడ్డవాళ్లతో మెత్తగా "తొందరేమీ లేదు నాయనా, వీలున్నప్పుడే ఇద్దువుగాని" అనేవారు. ఎవరి గొలుసు ఎన్ని కాసులో, కొక్కెం ఏ వైపు వంగి ఉందో ఆవిడకు పుస్తకం చూడకుండా తెలుసు. పండగనాడు నా చెవిపోగులు చూసి, "మీ అమ్మవి కదూ, ఎడమదానికి రాయి మార్చారు" అన్నారు. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ అరుగు ముందు నుంచి మళ్లీ నడవలేదు, చెరువు చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

నిధి మీద కూర్చున్న ప్రాణి అంటే ఇది. డ్రాగన్‌కు బంగారం ఎందుకని చాలామంది అడుగుతారు, అది ఏం కొనుక్కుంటుందని. ఆ పెద్దావిడ కూడా ఏమీ కొనుక్కోలేదు.

సగం మునిగిన కోటలో, మోకాలి లోతు నీళ్లలో మా వాళ్లు నిలబడి ఉండగా ఆమె వచ్చింది. ఒళ్లంతా చూపించలేదు. నీటి మీద రెండు కొమ్ములు తేలాయి, ముందుకు వంగినవి. తర్వాత గుంటలు పడిన కళ్లు, పుర్రెలాంటి ముఖం. "అది డ్రాగన్!" అని తమ్ముడు అరిచాడు. "అదా పెద్దావిడ!" అని విజర్డ్ తల పట్టుకుంది, పాపం చీర ఇంకా ఆమె సంచిలోనే ఉంది. నేను గొంతు తగ్గించాను. అరుగు మీది గొంతు.

"కూర్చోండి. తడి అనుకోకండి, కాసేపటికి అలవాటవుతుంది."

ఎవరూ నవ్వలేదు.

"ఆ మెడలోది ఎవరిది నాయనా?"

తమ్ముడు తన పాత్ర మెడలోని పతకం పట్టుకుని, మా గురువుగారిదండీ అన్నాడు.

"దాని జత నా దగ్గరుంది. ఆయన గురువుగారిది. ఆయన కూడా ఇలాగే వచ్చారు."

వాడి ముఖం చూడవలసింది. తర్వాత గంటసేపు బేరం సాగింది. మూడు తరాల కింద కరువులో ఊరివాళ్ల తాతలు ఆమె దగ్గర బంగారం తీసుకున్నారు. మేకలు దోపిడీ కాదు, వడ్డీ. మా విజర్డ్ లెక్కల మనిషి కదా, వెంటనే కాగితం తీసి "అసలు ఎంతండీ?" అంది. పెద్దావిడ అన్నది: "అసలు ఎవరు అడిగారమ్మా? వడ్డీ చాలు." ఆ మాట నేను ముందుగా రాసుకున్నది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇక్కడ ఒక సంగతి గమనించాను, ఇంగ్లిష్‌లో ఆడే బల్లల దగ్గర ఇది దొరకదు. ఆ గంటలో మా వాళ్లు తమకు తెలియకుండానే "అది" అనడం మానేశారు. తమలో తాము గుసగుసలాడుకునేటప్పుడు కూడా "ఆవిడ ఒప్పుకోరు", "ఆవిడకు కోపం వస్తుంది" అనుకున్నారు. కొమ్ములు చూసి అరిచిన నోళ్లే. ఎదురుగా మాట్లాడేటప్పుడైతే అందరూ మీరు, అండీ. చివర్లో తమ్ముడికి ఓర్పు తప్పింది. "నీకు ఇంకొక్క మేక కూడా రాదు" అన్నాడు.

బల్ల నిశ్శబ్దమైపోయింది. ఫైటర్ మెల్లగా, "నీకు అన్నావు" అన్నాడు.

వాడు కత్తి దూసి ఉంటే ఇంత అనిపించేది కాదేమో. మీరు నుంచి నువ్వుకు దిగడం మన దగ్గర ఎంత దూరమో చెప్పనక్కరలేదు. ఆ దూరం కొలవడానికి పాచిక అక్కరలేదు. ఆమె కాసేపు చూసి, "ఇప్పుడు దారిలోకి వచ్చావు నాయనా. తొందరేమీ లేదు" అని నీళ్లలోకి దిగిపోయింది. ఆ సాయంత్రం మొత్తంలో పాచిక కదలలేదు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. వెళ్లేటప్పుడు లిఫ్ట్ దగ్గర కూడా వాళ్లు దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

అక్కడే ఎందుకు చంపలేదని మా తమ్ముడి స్నేహితుడు తర్వాత అడిగాడు. లెక్క చెప్పాను. అప్పటికి వాళ్లవి ఐదో లెవెల్ పాత్రలు, అంటే అనుభవంలో ఐదో మెట్టు. పెద్ద నల్ల డ్రాగన్ ఊదే ఆమ్లం ఒక్క ఊపిరికి ఎనిమిది ముఖాల పాచికలు పన్నెండు వేస్తారు, సగటు 54. మా విజర్డ్ ప్రాణం మొత్తం 32. ప్రాణం సున్నా అయ్యాక మిగిలిన దెబ్బ ఆమె పూర్తి ప్రాణానికి సమానమైనా, మించినా అక్కడికక్కడే చావు, కాపాడే అవకాశం కూడా ఉండదు. అంటే 64 పడితే చాలు. పెద్దావిడ చంపగలదు. కానీ అప్పు ఇచ్చినవారు బాకీదారును చంపుకుంటారా?

పోరాటం ఎనిమిదో లెవెల్లో వచ్చింది, నది మీద. ఇక ఇక్కడ పరికరాల గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో బొమ్మలు లేవు. విదేశీ డ్రాగన్ బొమ్మ ధర చూసి ఆ పేజీ మూసేశాను. పెద్ద డ్రాగన్ పటం మీద మూడు గళ్లు పొడవు, మూడు గళ్లు వెడల్పు ఆక్రమిస్తుంది, గడి ఒక అంగుళం. మా టీపొడి డబ్బా మూత సరిగ్గా సరిపోయింది. నెలల తరబడి ఆ మూత ఆట పెట్టెలో ఉండిపోయింది, టీపొడి ప్లాస్టిక్ కాగితం కింద మెత్తబడింది. మా ఇంట్లో దాని మీద జరిగిన చర్చలు ఇక్కడ రాయను.

మూత పక్కన మూడు చింతపిక్కలు, మూడు గవ్వలు పెట్టాను. అందరికీ కనిపించేలా.

చింతపిక్కలు లెజెండరీ యాక్షన్లు. ఐదుగురు ఆటగాళ్లకు ఐదు వంతులు, డ్రాగన్‌కు ఒకటే అయితే అది ఐదు కుక్కల మధ్య ఎద్దు. అందుకే నియమాలు దానికి ఒక వెసులుబాటు ఇస్తాయి: ఎవరిదైనా వంతు ముగియగానే ఒక చిన్న పని చేయవచ్చు, మళ్లీ తన వంతు వచ్చేలోపు మూడు దాకా. తోకదెబ్బకు ఒకటి ఖర్చు. రెక్కల దెబ్బకు రెండు, పక్కనున్నవాళ్లు పడిపోతారు, ఆమె 40 అడుగులు ఎగిరిపోతుంది. ఒక్కొక్కరి వంతు ముగియగానే వాళ్ల కళ్లు నా ముఖం వైపు కాదు, చింతపిక్కల వైపు పోయేవి. నేను వేలు ఆనించి మళ్లీ తీసేస్తే చాలు, బల్ల మీద ఊపిరి ఆగేది. పిక్క ఎదురుగా ఉంటే డీఎం మరిచిపోవడం కూడా కష్టం. ఎర్రదాని ప్రాయశ్చిత్తం అది.

గవ్వలు మరో పని చేశాయి. పెద్ద డ్రాగన్లు రోజుకు మూడుసార్లు, తమ మీద పడిన మంత్రాన్ని తప్పించుకున్నట్టు తామే నిర్ణయించుకోవచ్చు. రహస్యంగా చేస్తే ఆటగాళ్లకు ఒళ్లు మండుతుంది: ఇంత మంచి మంత్రం వేస్తే ఏమీ కాలేదంటారేమిటి అని. అదే మంత్రానికి ఒక గవ్వ తీసి వాళ్ల చేతిలో పెడితే? మా విజర్డ్ మొదటి గవ్వను బొట్టుబిళ్లంత భద్రంగా దాచుకుంది. మూడో గవ్వ చేతికి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు.

నల్ల డ్రాగన్ ఆమ్లం గుండ్రంగా పరుచుకోదు. 60 అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గీతలా పోతుంది. దానికి పడవను మించిన చోటు ఏది? పడవ మీద మనుషులు ఎలా నిలబడతారు, వరుసలోనే కదా. ఒక్క ఊపిరికి ముగ్గురు చిక్కారు. ఇందులో అన్యాయం లేకుండా ఒక చిన్న మార్పు చేసుకున్నాను. ఊపిరి తిరిగి వచ్చిందో లేదో ఆరు ముఖాల పాచికతో చూస్తారు, ఐదు గాని ఆరు గాని పడాలి. అది డ్రాగన్ వంతు మొదట్లో వెయ్యమని నియమం. నేను ముందు వంతు చివర్లోనే వేసి ఉంచుతాను. పడితే వెంటనే చెబుతాను: "దవడల మూలల నుంచి బొట్లు రాలుతున్నాయి, రాలినచోట నీళ్లు బుసబుస పొంగుతున్నాయి, పులిసిన చింతపండు వాసన." ఇక వాళ్లకు ఒక రౌండు గడువు ఉంటుంది. చెల్లాచెదురు అవుతారు, అరుస్తారు, ఒకరు ఏట్లో దూకుతారు. ఏ వంతులో వస్తుందో తెలియని దెబ్బ దురదృష్టం. వస్తోందని తెలిసిన దెబ్బ కథ.

ఆమెకు 195 హిట్ పాయింట్లు. సగానికి దిగగానే నీళ్లలో మునిగి వెళ్లిపోయింది. నేల మీద నడిచినంత వేగంగా ఈదుతుంది, నీటి అడుగున ఊపిరి తీసుకోగలదు, ఎందుకు ఉంటుంది? చచ్చేదాకా పోట్లాడటం మూర్ఖుల పని, ఆమె మూర్ఖురాలు కాదు. మా వాళ్లు గెలిచామని చప్పట్లు కొట్టారు. నేను మూత తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మరుసటి ఆదివారం వాళ్లు ఊరికి తిరిగి వస్తే రేవులో పడవల్లేవు. గుడిగంట ఒకటి మెట్ల మీద ఉంది, సగం కరిగి, కరిగిన అంచు మైనంలా గడ్డకట్టి. పడవవాడు వాళ్ల ముఖం చూడకుండా చెప్పాడు: "పెద్దావిడ లెక్క సరిచేసుకున్నారు." మా పిన్ని కూతురు, గోళ్లరంగు పిల్ల, ఆ వారం నాకు నాలుగుసార్లు ఫోను చేసింది, దాన్ని ఎలా చంపాలని. మళ్లీ "దాన్ని" అయింది.

చివరి పోరాటానికి నేను కోట పటం గీసుకుని, చీకటిని సిద్ధం చేసుకుని కూర్చున్నాను. తన స్థావరంలో ఆమె ప్రతి రౌండులోనూ వంతుల వరుసలో 20 అంకె దగ్గర ఇంకో పని చేయగలదు, మంత్రపు చీకటి కమ్మించడం అందులో ఒకటి. చీకట్లో చూడగల పాత్రల కళ్లు కూడా అందులో పనిచేయవు. ఆమె మాత్రం 60 అడుగుల లోపు కళ్లతో పని లేకుండానే అన్నీ పసిగడుతుంది. నా పథకం బ్రహ్మాండంగా ఉంది. మా వాళ్లు కోటలోకి రాలేదు. ఊరి మొత్తాన్ని పోగుచేసి, పలుగులు పారలు పట్టించి, ఎగువన గట్టు తెంచారు. నేను ఆ గట్టు పటంలో ఊరికే అందం కోసం గీశాను.

నీళ్లు తీశాయి. కోట అడుగు బయటపడింది. మూడు తరాల గొలుసులు, కడియాలు, పాత్రలు, పతకాలు బురదలోకి కుంగడం మొదలుపెట్టాయి. ఇక ఆమె ఏం చేస్తుంది? పుస్తకంలో దీనికి జవాబు లేదు. నేను కళ్లు మూసుకుని అరుగు, చాప, వక్కల పెట్టె తలుచుకున్నాను. ఆమె వాళ్ల మీదికి రాలేదు. తన బంగారం మీదికి వచ్చింది. పంజాలతో బురద కెలుకుతూ ఒక్కొక్కటి ఏరుకోవడం మొదలుపెట్టింది. ఏరుతూ పేర్లు చెప్పింది. ఇది ఫలానా కోడలిది, ఇది పడవవాడి ముత్తాతది, ఇది వంకరది.

తర్వాత యుద్ధం గట్టిగానే జరిగింది. ఫైటర్ చచ్చిపోయాడు, విజర్డ్‌కు అడ్డంగా నిలబడి, తెలిసే నిలబడ్డాడు. ఆట అయ్యాక ఆ భార్యాభర్తలు చాలాసేపు మాట్లాడుకోలేదు. గవ్వలు అయిపోయాయి, పిక్కలు అయిపోయాయి. చివరి దెబ్బ తమ్ముడిదే. పాచిక పద్నాలుగు పడింది, వాడి బలం కలిపితే 23, ఆమె ఒంటి మీద కవచం లెక్క 19ని దాటింది. నేను దెబ్బ లెక్కగట్టి, నా కాగితం మీద సున్నా రాసి, పెన్సిలు పక్కన పెట్టాను.

కేకలు లేవు. తమ్ముడు నన్ను చూసి, "ఆవిడ పోయారా?" అన్నాడు.

పోయారన్నాను.

డ్రాగన్ పోయాక నీళ్లు తేటపడటానికి ఎన్ని రోజులో పది ముఖాల పాచిక చెబుతుంది. మా పిన్ని కూతురు వేసింది. ఏడు. పడవవాడు బావి పలక పక్కన కూర్చుని ఎదురుచూస్తాడని చెప్పాను. తమ్ముడు ఆ మాట వినలేదు. బురదలో ఆ రెండో పతకం కోసం వెతుకుతానన్నాడు. వెయ్యమన్నాను. నాలుగు పడింది.

"మళ్లీ వెతకొచ్చా?"

"రేపు వెలుతురు ఉన్నప్పుడు" అన్నాను. రాత్రి పదకొండయింది. పటం మీద నుంచి మూత తీసుకుని వంటింట్లోకి వెళ్లి ఆరు కప్పుల టీ పెట్టాను. టీపొడి మెత్తబడిపోయింది, అయినా డబ్బాకు మూత బిగించాను.